చలి కింది నుంచి వస్తుంది



చలికాలం వచ్చిందంటే లంబసింగి కొండలకు జనం కడతారు. మనలో చాలామంది వాళ్లకు దారి చూపి, గుడారాలు వేసి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నాం. ఇప్పుడు కొందరు చెట్లకు కట్టే ఊయల పడకలు, అదే హ్యామక్‌లు తెచ్చుకుంటున్నారు. తెల్లారేదాకా వాళ్ల క్షేమం మన చేతుల్లోనే ఉంటుంది. అందుకే మా అనుభవం చెబుతున్నాం.

రెండేళ్ల కిందట పుష్యమాసంలో మేం ఐదుగురం వాగు ఒడ్డున ఊయలలు కట్టుకుని పడుకున్నాం. పైన రెండేసి దుప్పట్లు కప్పుకున్నాం. అర్ధరాత్రికి పొట్ట వెచ్చగానే ఉంది, వీపు మాత్రం గడ్డకట్టింది. ఓర్చుకోలేక ఒకడు తన ఊయల మీది బరకాన్ని నేలదాకా దించి, నాలుగు వైపులా మూసి, లోపల బేసినులో నిప్పులు పెట్టుకున్నాడు. కాసేపటికి మూలుగు వినబడింది. బరకం ఎత్తి చూస్తే తలపోటు, వాంతులు. బయటికి లాగి గాలి తగలనిచ్చాక తేరుకున్నాడు. మూలుగు వినబడకపోయి ఉంటే?

తెల్లారాక మా ఊరి పెద్దాయనకు చెబితే ఒకటే మాటన్నారు: "మంచె మీద గడ్డి పరవకుండా ఎవడైనా పడుకుంటాడ్రా?"

విషయమంతా అందులోనే ఉంది. దుప్పటి వెచ్చగా ఉండేది దాని పోగుల మధ్య నిలిచే గాలి వల్ల. మన బరువుకు వీపు కింద అది నలిగి ఆ గాలి పోతుంది. ఊయల అడుగున చల్లగాలి ఆడుతూనే ఉంటుంది. కాబట్టి ముందు కింద పరచాలి, తర్వాతే పైన కప్పుకోవాలి. ఊయలలో ఫోమ్ చాప వేసుకోండి. లేదా మందపాటి బొంతను ఊయల అడుగున, వీపుకు ఆనీ ఆననట్టు తాళ్లతో వేలాడదీయండి.

చల్లగాలి బరువైనది, రాత్రి పల్లానికి దిగుతుంది. వాగు ఒడ్డు వదిలి వాలు మధ్యలో కట్టండి. బరకాన్ని గాలి వచ్చే వైపు కిందికి దించి, రెండో వైపు తెరిచి ఉంచండి. చెమట పట్టిన బట్టలు మార్చి, పొడి మేజోళ్లు, టోపీ వేసుకోండి. వేడి అంబలి తాగి పడుకోండి. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. చెట్టు బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీలే వాడండి.

నెగడు ఆరుబయటే ఉండాలి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పర్యాటకులు ఎంత బతిమాలినా, ఎంత డబ్బిస్తామన్నా మూసిన గుడారంలోకి నిప్పు పోనివ్వకండి. మన కొండకు వచ్చినవాళ్లు మన చుట్టాలు. వచ్చినట్టే క్షేమంగా ఇంటికి పంపుదాం.

జై ఆదివాసీ!