సెలవు ఆగుతుంది, పిల్లల వయసు ఆగదు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగరీత్యా నేను కొంతకాలం బస్తర్‌లోని ఆవపల్లిలో ఉన్నాను. బీజాపూర్ నుంచి బాసగూడ వెళ్ళే దారిలో ఉంది ఆ ఊరు. అక్కడ నాతో పనిచేసిన ఒక జవానుది శ్రీకాకుళం జిల్లా. కొడుక్కి రెండేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూడడు. "వాళ్ళ తాతకీ మాటలు ఆలస్యమేలే" అని ఇంట్లో పెద్దలు. సెలవు దొరికాక చూద్దామని ఇతను. "తమ్ముడూ, సెలవు ఆగుతుంది, పిల్లాడి వయసు ఆగదు" అన్నాను. మొదటి మూడేళ్ళలో మెదడు ఎంత వేగంగా ఎదుగుతుందో మీకు తెలియనిది కాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. భార్య బాబును అక్కడికి తీసుకెళ్ళింది. ముందు వినికిడి పరీక్ష చేశారు. చెవులు బాగానే ఉన్నాయి. వారం వారం అంత దూరం వెళ్ళడం ఆమె వల్ల కాదు గనుక, శిక్షణ ఫోన్‌లో వీడియో ద్వారా మొదలైంది.

"ఫోన్‌లో వైద్యమేమిటి?" అనుకోవచ్చు. థెరపిస్టు నేర్పేది పిల్లాడికి కాదు, తల్లికి. అరటిపండు ముక్క వెంటనే ఇవ్వకుండా, కళ్ళలోకి చూసి "పండు" అని, ఐదు లెక్కపెట్టేదాకా ఆగాలి. చెయ్యి చాపినా, చిన్న శబ్దం చేసినా ఇచ్చెయ్యాలి. స్నానంలో, బట్టలు తొడగడంలో ఇదే పద్ధతి. థెరపిస్టుది వారానికి అరగంట, తల్లిది రోజంతా.

తండ్రికీ పని దొరికింది. సిగ్నల్ అందినప్పుడల్లా తువ్వాలుతో ముఖం దాచుకుని "నాన్న ఏడీ?" అనేవాడు. కొన్ని నెలలకు బాబు తెర మీద చెయ్యి పెట్టి "నా" అన్నాడు. ఆ రోజు బ్యారక్ అంతా మిఠాయి తిన్నాం. ఇంకా పూర్తి మాటలు రాలేదు, శిక్షణ సాగుతోంది.

అన్నీ ఫోన్‌లో కుదరవు. చూపు, వినికిడి, కండరాల బిగువు డాక్టరు స్వయంగా పరీక్షించాల్సిందే. ఫిట్స్ వచ్చినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకు నడక గానీ మాట గానీ రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. సైనిక కుటుంబాల పిల్లలకు ఆశా స్కూళ్ళు ఉన్నాయి.

మరొక్క మాట. పోస్టింగుల వల్ల మన పిల్లల చెవిన రెండు మూడు భాషలు పడతాయి. మాటల ఆలస్యానికి కారణం అది కాదు. తెలుగు మానేయకండి. తల్లికి మనసారా వచ్చిన భాషే బిడ్డకు మంచి మందు.

మన సంఘం చేయగలిగిందీ ఉంది. భర్త దూరాన ఉన్న ఇంటికి వారానికొకసారి మనలో ఒకరు వెళ్ళి, ఆ అరగంట ఫోన్ పట్టుకుని కూర్చుంటే చాలు. ఆమె రెండు చేతులూ బిడ్డ కోసం ఖాళీగా ఉంటాయి. పేర్లు ఇచ్చేవారు సభ ముగిశాక కార్యదర్శి గారిని కలవండి.

జై హింద్.