సుదీర్ఘ ధావనము – హృదయము



మన పిల్లలును, నలుబది దాటిన మిత్రులును నేడు మారథాను పరుగులకు పేర్లిచ్చుచున్నారు. అంత దూరపు పరుగు గుండెకు మేలా, కీడా? నేను సాహిత్యము చదివినవాడనే కాని వైద్యుడను గాను. వైద్యులు ప్రకటించిన విషయములనే విన్నవించెదను.

అమెరికాలో క్లారెన్స్ డిమార్ అను అచ్చుకూటపు కార్మికుడుండెను. గుండెలో అపశ్రుతి వినిపించుచున్నది, పరుగు మానుమని 1911లో వైద్యులు చెప్పిరి. అతడు ఆ యేడే బోస్టను మారథాను గెలిచి, మొత్తము ఏడుసార్లు విజేతయయ్యెను. 1958లో, తన 70వ యేట, క్యాన్సరుతో మరణించెను. గుండెను కోసి చూడగా, దానికి రక్తమందించు ధమనులు సామాన్యుల ధమనులకంటె రెండు మూడు రెట్లు వెడల్పుగా నుండెను!

విశ్రాంతిలో గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. అలవాటుపడినవాడు తీవ్రముగా పరుగెత్తునపుడు ఇది 20 లీటర్లను మించును. ఏండ్లకొలది శ్రమించిన గుండెలో గదులు విశాలమగును. విశ్రాంతిలో నాడి 40 వరకు దిగవచ్చును. ఇది రోగము కాదు.

అయితే హద్దు లేకపోలేదు. సుదీర్ఘమైన పరుగు ముగియగానే, గుండె కండరము నొచ్చినపుడు వెలువడు ట్రోపోనిన్ రక్తమున పెరుగును. ఊపిరితిత్తులకు రక్తము నంపు కుడి జఠరిక సాగి నీరసించును. చాలామందికి కొద్దిదినములలో సర్దుకొనును. కాని స్వీడనులో 90 కిలోమీటర్ల మంచు పందెమున పాల్గొన్న 52,000 మందికి పైగా పరిశీలించి 2013లో ప్రకటించినదేమనగా, ఎక్కువ మార్లు, ఎక్కువ వేగముగా ముగించినవారిలో గుండెలయ తప్పుట అధికము. ఆకస్మిక మరణములు మాత్రము అరుదు. అమెరికాలో 2000–2010 మధ్య మారథాను, అర్ధమారథానులు పరుగెత్తిన కోటి తొమ్మిది లక్షల మందిలో 59 మందికి గుండె ఆగినది. 42 మంది మరణించిరి. ఆ 59 మందిలో 51 మంది పురుషులే.

మన సింగ్భూమునకు పొరుగుననున్న ఒడిశాలో, 2006 మే 2న, నాలుగేండ్ల బుధియా సింగ్ పూరీనుండి భువనేశ్వరమువైపు 65 కిలోమీటర్లు 7 గంటల 2 నిమిషములలో పరుగెత్తెను. తరువాత పరీక్షించిన వైద్యులు రక్తహీనత, పోషకాహారలోపము, గుండెపై ఒత్తిడి కలవనిరి. ప్రభుత్వము అట్టి పరుగులను నిషేధించినది. సరియైన పనియే. వలదని చెప్పగల వయస్సు ఆ పసివానికి లేదు. చప్పట్లు కొట్టినవారికి మాత్రముండెను.

ఇక మన సంగతి. కార్యాలయములలో ఫైళ్ళు నడచును గాని మనము నడువము! ఏడాదిపాటు కుర్చీలో కూర్చుండి, ఒకనాడు 42 కిలోమీటర్లకు సిద్ధపడుట సాహసము. జంషెడ్పూరు వేసవి 40 డిగ్రీలు దాటును. చెమటతో నీరు తరిగినకొలది గుండె మరింత వేగముగా కొట్టుకొనవలసియుండును. కావున జూబిలీ పార్కులో పరుగు వేకువననే ముగింపుడు. దూరమును నెలలపై పెంచుడు. నలుబది దాటినవారు ముందుగా రక్తపుపోటు, చక్కెర, ఈసీజీ పరీక్షలు చేయించుకొనుడు. పరుగులో రొమ్ము బిగిసినను, కన్నులు చీకట్లు క్రమ్మినను ఆగుడు. వంశమున ఎవరైనను చిన్నవయస్సున హఠాత్తుగా మరణించియుండినచో, ఆ మాట వైద్యునికి అడుగకముందే చెప్పుడు.