కారుకూ ఒక సర్వీసు రిజిస్టరు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద పాత కారు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను మెకానిక్కును కానండీ" అన్నాను. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం. మెకానిక్కు చెప్పేది మాకు అర్థం కావడం లేదు" అన్నారాయన. కాబట్టి ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు నడిపిన ఒక గుమాస్తా కారును ఎలా చూసుకుంటాడో, అంతవరకే చెబుతాను.

2012లో నేను అప్పటికి అయిదేళ్లు వాడిన ఒక ఆల్టో కారు కొన్నాను. కొన్ననాడు మీటరు 38 వేల కిలోమీటర్లు చూపించింది. ఇప్పుడు 91 వేలు దాటింది. మందులకైనా, గుడికైనా, అర్ధరాత్రి ఆసుపత్రికైనా మా ఇద్దరికీ ఆ కారే దిక్కు. పిల్లలు దూరాన ఉన్న ఇళ్లలో పాత కారు విలాసం కాదు. మన వయస్సులో ఎవరినీ దేబిరించకుండా బయటికి వెళ్లి రాగలగడం చిన్న విషయం కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

మన కార్లు తిరిగి పాడు కావు, నిలబడి పాడవుతాయి

నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదొక్కటే. కారుతో వచ్చిన పుస్తకంలో ఇంజనాయిలు మార్చడానికి ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని రాసి ఉంటుంది. చాలా కార్లకు అది 10 వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం. ఉద్యోగానికి రోజూ కారులో వెళ్లేవారికి కిలోమీటర్లు ముందు వస్తాయి. మనకు సంవత్సరం ముందు వస్తుంది. నెలకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే కారు 10 వేలు చేరాలంటే దాదాపు మూడేళ్లు పడుతుంది. "ఇంకా మూడు వేలే తిరిగింది కదా" అని ఊరుకుంటే ఆ మూడేళ్లూ అదే ఆయిలు. పైగా మనం వెళ్లేవి దగ్గర దూరాలు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఇల్లు చేరుతాం. లోపలి తేమ, కాలని పెట్రోలు ఆయిల్లోనే మిగిలిపోతాయి. అందుచేత పెన్షనరు కారును మీటరు చూసి కాదు, తేదీ చూసి బాగు చేయించాలి.

తేదీ చూడాలంటే ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడని ఇంక్రిమెంటు కోసం ఎంతమంది ఎన్నేళ్లు తిరిగారో ఈ హాలులో అందరికీ తెలుసు. కారుకూ అంతే. ఒక పొడవాటి నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో రిజిస్ట్రేషను నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్.సి. గడువు, ఇన్సూరెన్సు గడువు, పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువు, బ్యాటరీ కొన్న తేదీ, టైర్లు తయారైన వారం రాయండి. తరువాతి పేజీల్లో వరుసగా తేదీ, మీటరు, చేసిన పని, వేసిన పార్టు, ఇచ్చిన డబ్బు, మళ్లీ ఎప్పుడు చేయించాలి అని ఆరు గళ్లు గీయండి. రాయడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ రిజిస్టరు వల్ల ప్రయోజనం ఏమిటంటారా? ఒకసారి ఒక సర్వీసు కేంద్రంలో "బ్రేకు ప్యాడ్లు అరిగాయి, బ్యాటరీ పోయింది" అని 11 వేల రూపాయలకు ఎస్టిమేటు చేతిలో పెట్టారు. నేను రిజిస్టరు తీశాను. ప్యాడ్లు వేసి ఏడు నెలలే అయింది, రెండు వేల కిలోమీటర్లే తిరిగింది. "చక్రం విప్పి చూపించు నాయనా" అన్నాను. ప్యాడ్లు బాగానే ఉన్నాయి. బ్యాటరీ తీగల కొసల్లో తెల్లటి పొడి పేరుకుంది, తుడిచి బిగిస్తే బండి స్టార్టయింది. అక్కడివారితో నేను పోట్లాడలేదు. ఎంట్రీ చూపించాను, అంతే. ఎస్టిమేటు కాగితం మీద తీసుకోండి, మార్చిన పాత పార్టులు చేతికి అడగండి, బిల్లు రిజిస్టరులో అంటించండి.

తేదీల ప్రకారం చేయవలసినవి

వారానికి ఒకసారి కారును కనీసం అరగంట ఏకబిగిన నడపండి. గేటు ముందు నిలబెట్టి అయిదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపేస్తే ప్రయోజనం లేదు. స్టార్టుకు ఖర్చయిన ఛార్జి కూడా బ్యాటరీలోకి సరిగా తిరిగి చేరదు. ఆ అరగంటలో కాసేపు ఏ.సి. కూడా వేయండి, చలికాలంలోనైనా సరే. వాడని ఏ.సి.లో సీళ్లు ఎండి గ్యాసు కారిపోతుంది.

నెలకు ఒకసారి, ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి మూడు చూడండి: ఇంజనాయిలు మట్టం, కూలెంటు డబ్బాలో గీత, బ్రేకాయిలు డబ్బాలో గీత. బ్రేకాయిలు తగ్గితే పోసేసి ఊరుకోకూడదు. ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. వేడి మీద ఉన్న రేడియేటరు మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పవద్దు, ముఖం కాలుతుంది. కూలెంటు బదులు బోరు నీళ్లు పోయడం మనవాళ్లకు అలవాటు. ఆ నీటిలోని సున్నం లోపల పేరుకుంటుంది, తుప్పు కూడా పడుతుంది. పుస్తకంలో చెప్పిన కూలెంటే పోయించండి. అదే సమయంలో తీగల వైపు కూడా ఒక చూపు వేయండి. నిలిచి ఉన్న కారు ఎలుకలకు మంచి కాపురం. బియ్యం బస్తాలు, దాణా ఉన్న షెడ్డులో కారు పెట్టకపోవడం మంచిది.

టైర్లలో గాలి కూడా నెలకు ఒకసారి, చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. ఎంత గాలి పెట్టాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. మా ఇంట్లో ఈ తేదీ గోడ క్యాలెండరు మీద మా ఆవిడే గుర్తు పెడుతుంది, గ్యాసు బండ వచ్చిన తేదీ పక్కనే.

టైర్ల గురించి ఇంకొక మాట. గాట్లు 1.6 మిల్లీమీటర్ల లోతు కన్నా తగ్గితే టైరు మార్చాలని రూలు ఉంది. కానీ మన టైర్లకు గాట్లు అరగకముందే వయస్సు మీరుతుంది. టైరు పక్క గోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అయిదారేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి. పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనబడినా వాడకూడదు. రోహిణి కార్తె ఎండలో హైవే మీద పేలే టైర్లలో ఇటువంటివి ఉంటాయి. స్టెప్నీ టైరును మాత్రం మరిచిపోవద్దు, దాని వయస్సూ పెరుగుతూనే ఉంటుంది.

ఏడాదికి ఒకసారి ఇంజనాయిలు, ఆయిలు ఫిల్టరు మార్పించండి. రెండేళ్లకు ఒకసారి బ్రేకాయిలు మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది. తేమ చేరిన బ్రేకాయిలు ఘాటు రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బ్రేకు పడదు. రబ్బరు టైమింగు బెల్టు ఉన్న ఇంజను అయితే పుస్తకంలో రాసిన గడువు దాటనివ్వవద్దు. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగి, కారు విలువకు దగ్గరగా ఖర్చు తేలుతుంది. సెకండ్ హ్యాండులో కొన్న కారుకు బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే భావించి మార్పించండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. పాత కార్లలో మైలేజి కొంత తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు త్వరగా గట్టిపడవచ్చు. పెట్రోలు వాసన వస్తే వెంటనే చూపించండి. పిల్లల దగ్గరికి నెలల తరబడి వెళ్లేవారు నమ్మకమైన వారికి తాళం ఇచ్చి, వారం వారం నడపమని చెప్పి వెళ్లండి.

వరద మాట కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. నీట మునిగిన కారును స్టార్టు చేయకూడదు. ఇంజనులోకి చేరిన నీరు కనెక్టింగ్ రాడ్లను వంచేస్తుంది. బ్యాటరీ తీగ ఊడదీయించి, ఇన్సూరెన్సు వారికి తెలిపి, లాగించుకొని వెళ్లాలి. నీటిలో స్టార్టు చేసినందువల్ల ఇంజను పోతే మామూలు పాలసీలో సొమ్ము రావడం కష్టం.

డబ్బు సంగతి

జి.పి.ఎఫ్. చందాలాగా నేను నెలకు 1,500 రూపాయలు కారు పేర పక్కన పెడతాను. ఏడాదికి 18 వేలు. ఇన్సూరెన్సు, ఆయిలు, చిల్లర రిపేర్లు అందులోనుంచి పోతాయి. మిగిలింది టైర్లకు, బ్యాటరీకి నిలవ ఉంటుంది. పెద్ద ఖర్చు వచ్చిన నెల పెన్షను మీద చెయ్యి పడదు. రిపేరు చేయించాలా, అమ్మాలా అనే ప్రశ్న వచ్చినప్పుడు రిజిస్టరులో గడచిన మూడేళ్ల మొత్తం కూడి చూడండి. అది ఏటా పెరుగుతూ, ఛాసిస్‌కు తుప్పు పట్టి, పార్టులు దొరకడం కష్టమైతే వదిలేయడమే మంచిది. తుప్పు మాటకు వస్తే, విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరం వారు ఏటా కారు అడుగు భాగం చూపించుకోవాలి.

కాగితాలు

2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగించడం ఆపేశారు. మన ఆఫీసు జీపులు తుక్కుకు పోవడం చూసి, సొంత కార్లకూ ఇదే గతి అనుకుంటున్నవారు మనలో ఉన్నారు. అది సరికాదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో సొంత కారును తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి రెన్యువలు చేయించుకోవచ్చు. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు కారుకు 5 వేలు, ఆలస్యమైతే నెలకు 500 అదనం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. గ్రీన్ టాక్సు వేరే. నా కారుకు 2022లో చేయించాను, 2027లో మళ్లీ వస్తుంది. ఆ తేదీ రిజిస్టరు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంది.

బి.ఎస్.-4 కన్నా పాత కార్లకు పొల్యూషన్ సర్టిఫికెట్టు ఆరు నెలలకే తీరిపోతుంది, తరువాతి వాటికి ఏడాది. ఇన్సూరెన్సు తీరిపోయి 90 రోజులు దాటితే ఏళ్ల తరబడి కూడిన నో క్లెయిము బోనసు మొత్తం పోతుంది. అది 50 శాతం వరకూ ఉండే రాయితీ. అది కారుది కాదు, మనది. కారు అమ్మినా మనతోనే ఉంటుంది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసింది అమ్మకం సంగతి. మన సభ్యులలో ఒకరు, పేరు చెప్పను, పాత కారును ఒక బ్రోకరుకు ఇచ్చేశారు. స్టాంపు కాగితం రాసుకున్నారు, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టారు, డబ్బు తీసుకున్నారు. అది చేతులు మారి చివరికి ఎవరో నడుపుతుండగా ప్రమాదం జరిగింది. ఆర్.సి.లో ఇంకా ఈయన పేరే. ఇన్సూరెన్సు తీరిపోయి ఉంది. నష్టపరిహారం కేసులో నోటీసు డెబ్బై నాలుగేళ్ల మనిషి ఇంటికి వచ్చింది. కారు అమ్మిన సొమ్ము వకీలు ఖర్చులకే చాలలేదు. ఆర్.సి.లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజులలో అమ్మినవారు, 30 రోజులలో కొన్నవారు రిజిస్ట్రేషను అధికారికి తెలపాలి. కొన్నవారు చేస్తారులే అని ఊరుకోవద్దు. ఆర్.సి.లో పేరు మారిందని కళ్లతో చూసేవరకు ఆ ఫైలు క్లోజు చేయకండి. కొనేటప్పుడు కూడా అంతే. పేరు, ఛాసిస్ నంబరు, బ్యాంకు అప్పు తీరిన కాగితం, పాత చలానాలు సరిచూశాకే డబ్బు ఇవ్వండి.

చివరగా, కారుతోపాటు డ్రైవరునూ చూసుకోవాలి. 55 ఏళ్లు దాటినవారికి లైసెన్సు అయిదేళ్లకే ఇస్తున్నారు, వైద్యుని సర్టిఫికెట్టు జతచేయాలి. దాన్ని సంతకం తంతుగా చూడవద్దు. రాత్రి ఎదుటి లైట్లకు కళ్లు చెదిరితే రాత్రిపూట నడపడం మానండి. శుక్లం ఆపరేషనయ్యాక డాక్టరు సరే అన్నాకే తాళం పట్టుకోండి. ఇంట్లో ఆవిడో, కోడలో, మనవడో "తాతయ్యా, ఇక చాలు" అంటే కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి. కారు మనల్ని స్వతంత్రంగా ఉంచడానికే గానీ, ఎదుటివాడి ప్రాణానికి ముప్పు తేవడానికి కాదు.

ఏటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం. ఆ పని అయిన వారంలోనే కారునూ ఒకసారి మెకానిక్కుకు చూపించి, రిజిస్టరులో ఎంట్రీ వేసి, అది ఎక్కడ పెట్టారో ఇంట్లో వారికి చెప్పండి. బయట బల్ల మీద నా రిజిస్టరు పెట్టాను. గళ్లు ఎలా గీయాలో కావలసినవారు చూసి రాసుకోవచ్చు.