ట్రంకుపెట్టె అడుగున పాస్‌బుక్కు
(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లల్లో ట్రంకుపెట్టె అడుగున ఒక పాత పాస్‌బుక్కు ఉంటది. నాయన కూలిడబ్బులు దాచిందో, అక్క కువైట్ పోకముందు తెరిచిందో. అందులో ఏముంటదిలే అనుకుంటాం. అట్లా దేశమంతా బ్యాంకుల్లో అడిగే దిక్కులేక పడున్న సొమ్ము 2024 మార్చి ఆఖరుకు 78,213 కోట్ల రూపాయలు! అందులో పెద్దోళ్లదీ ఉంది. కానీ పెద్దోడికి ఆడిటరున్నాడు, వకీలున్నాడు. మనకెవడున్నాడు?

పదేళ్లు ఎవరూ కదపని ఖాతాలోని సొమ్ము రిజర్వు బ్యాంకు 2014లో పెట్టిన నిధికి పోతుంది. పోయిందంటే మునిగినట్టు కాదు. ఎన్నేళ్లకైనా మీరడిగితే మీ బ్యాంకు ఇవ్వాల్సిందే. 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ అని వెబ్‌సైటు పెట్టారు. పేరు, బ్యాంకు, పుట్టిన తేదీ లాంటి వివరం కొడితే చూపిస్తది.

తిరకాసంతా ఇక్కడే. ఏ పేరు కొట్టాలి? మనలో చానామందికి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. సరదాకి పెట్టుకున్నామా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, క్రైస్తవంలోకి పోయినోడు ఎస్సీ కాదన్నది. అందుకే పిలుపుకి ఏసురత్నం, కాగితానికి వెంకటేశు. దానికితోడు ఇంగ్లీషులో రాసినోడు తనకు తోచినట్టు రాశాడు. ఇప్పుడు కౌంటర్లో కూర్చున్నోడు ‘పేరు కలవట్లేదు’ అని పాస్‌బుక్కు వెనక్కి నెడతాడు. రాజ్యమే మన పేరును రెండు ముక్కలు చేసి, ఆ ముక్కలు కలవలేదని మన సొమ్ము ఆపుతుందా?

తిరిగి రావొద్దు. ఇద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి. మనిషి పోయుంటే మరణ పత్రం కావాలి. నామినీ లేకపోయినా వారసులు అడగొచ్చు. చిన్న మొత్తాలకు కోర్టు సర్టిఫికెట్టు తెమ్మని తిప్పగూడదు. మూలనపడ్డ ఖాతా తెరిపించడానికి పైసా తీసుకోగూడదు, 2024 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు రూలు. అన్నీ రాతలో అడగండి, రశీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు.

బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పెద్ద పుస్తకం రాశారు. ఆయన బొమ్మకు దండేసే మనం బ్యాంకు గడప కాడ చేతులు కట్టుకుని నిలబడితే ఎట్లా?

ఇప్పిస్తామని కమీషన్ అడిగేవాళ్లు బయల్దేరతారు. ఇవ్వొద్దు. ఫోన్లో ఓటీపీ అడిగితే చెప్పొద్దు. ఆదివారం పొద్దున పాస్‌బుక్కులు, ఆధార్లు పట్టుకుని కమ్యూనిటీ హాలు కాడికి రండి. చదువుకున్న పిల్లలు దరఖాస్తులు రాసిపెడతారు. ముసలోళ్లవి ముందు చూద్దాం.