టెలిఫోను తీగపై అంతర్జాలము

భారతదేశమున సామాన్య ప్రజలకు అంతర్జాలము 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ద్వారా లభించెను. దానిని ఇంటికి తెచ్చినది మాటలాడుకొను టెలిఫోను తీగయే. మోడెము అను చిన్న పెట్టె కంప్యూటరు అంకెలను ధ్వనిగా మార్చి తీగపై పంపును. ఆవలి కొసనున్న మోడెము ఆ ధ్వనిని మరల అంకెలుగా మార్చుకొనును. డయలు చేసిన తొలి క్షణములలో వినవచ్చుచుండిన ఆ కీచుధ్వని, రెండు యంత్రములు ఎంత వేగమున సంభాషింపవలెనో బేరమాడుకొనుటయే. తీగ మంచిదైన బేరము హెచ్చుకు తెగును, చెడ్డదైన తగ్గుకు తెగును. ఈ సంగతి తెలియక పలువురు కంప్యూటరును నిందించిరి. క్రొత్తది కొన్నవారును లేకపోలేదు!

టెలిఫోను మార్గము సెకనుకు సుమారు 300 నుండి 3,400 కంపనములు గల ధ్వనిని మాత్రమే మోయును. మనుష్యుని మాటకు అది చాలును. మార్గము ఎంత ఇరుకో, అందు రొద ఎంత హెచ్చో, వేగమునకు అంత తక్కువ హద్దు ఏర్పడునని క్లాడ్ షానన్ 1948లో గణితముతో నిరూపించెను. 1998 నాటి వి.90 ప్రమాణము వలన దిగుమతి వేగము సెకనుకు 56,000 బిట్ల వరకు పెరిగినను, ఎగుమతి 33,600తోనే ఆగెను. పెట్టెపై అచ్చువేసిన ఆ 56 అను అంకె ఇంటి తీగపై పూర్తిగా దక్కుట అరుదు.

కావున తెలిసినవారు మొదట తీగను చూచెడివారు. రిసీవరు ఎత్తి ఒక అంకె నొక్కినచో డయలు టోను ఆగును. ఆ నిశ్శబ్దమున గరగర వినవచ్చినచో మోడెమునకును అదియే వినవచ్చుచున్నదన్నమాట. తప్పుగా చేరిన ముక్కను అది మరల మరల అడుగును; వేగమంతయు అక్కడనే హరించును. తుప్పుపట్టిన అతుకు, వదులైన ముడి, పక్క గదిలోని రెండవ టెలిఫోను, విద్యుత్తు తీగను ఆనుకొని పరచిన టెలిఫోను తీగ, ఇవి సామాన్య దోషములు. వానాకాలమున అతుకులలోనికి నీరు దిగుట గ్రామములకు ప్రత్యేకమైన బాధ. కాల్ వెయిటింగు ఉన్నచో, మధ్యలో మ్రోగిన చిన్న శబ్దమే సంబంధమును త్రెంపివేయవచ్చును.

తీగ బాగుపడిన పిమ్మట మిగిలినది అడుగుటలో పొదుపు. సెకనుకు 33,600 బిట్లనగా 4,200 బైట్లు. రెండు వేల తెలుగు సంకేతములు గల పుట, యూనికోడున సంకేతమునకు మూడు బైట్ల చొప్పున, సెకనున్నరలో దిగును. పది లక్షల బైట్ల బొమ్మకు నాలుగు నిమిషములు పట్టును. అంతసేపును టెలిఫోను మీటరు తిరుగుచునే యుండెను. అందుచేత బొమ్మలు రాకుండ బ్రౌజరులో ఆపివేయుట, ఉత్తరములను ముందుగనే వ్రాసి యుంచుకొని డయలు చేసి పంపి వెంటనే పెట్టివేయుట, తెగిన చోటినుండి మరల అందుకొను సాఫ్ట్‌వేరుతో పెద్ద ఫైళ్లు దించుకొనుట అలవాటయ్యెను. వేగమును రెట్టింపు చేయుదుమని అమ్మిన సాఫ్ట్‌వేర్లు మాత్రము గరగరలాడు తీగను బాగుచేయజాలవు.

అమెరికాలో ఎ.ఓ.ఎల్. సంస్థ 2025 సెప్టెంబరు 30న తన డయలప్ సేవను ముగించెను. అయినను ఆ వేగము పోలేదు. సెల్‌ఫోను పథకములనేకములలో నాటి డేటా అయిపోయినంతనే సెకనుకు 64,000 బిట్లకు, అనగా ఇంచుమించు డయలప్ వేగమునకు, దిగిపోవును. దరఖాస్తుకు గడువు ముగియు రాత్రి విద్యార్థికి ఈ కష్టము ఎదురుకావచ్చును. ఫోనుతో తీసిన నలభై లక్షల బైట్ల ఛాయాచిత్రము పంపుటకు ఆ వేగమున ఎనిమిది నిమిషములు దాటును. నడుమ తెగినచో మొదటినుండి పంపవలసి రావచ్చును. అదే చిత్రమును యాభై వేల బైట్లకు కుదించినచో ఏడు సెకనులలోపే చేరును. కుదించు పనికి అంతర్జాలముతో నిమిత్తము లేదు. ఫోనులోనే ముందురోజు చేసి ఉంచుకొనవచ్చును. పంపునపుడు ఇతర యాప్‌లు చాటున డేటాను తినకుండ డేటా సేవరును వేయవలెను.