మొహం ఉబ్బితే కిడ్నీయే అనుకోకండి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం కార్యదర్శి మాట్లాడినది)



పొదుపుల లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క చదివేశారు. నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదమ్మా, జీడిపప్పు ఒలిచేదాన్ని. నాకొచ్చిన థైరాయిడ్ గురించి, దాన్ని ఎంత ఆలస్యంగా తెలుసుకున్నానో, అదే చెప్తాను.

నాలుగేళ్ళ కిందట పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. కాళ్ళు బరువు. మన ఉద్దానంలో మొహం ఉబ్బితే ఇంకేటనుకుంటాం? మా మావగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. మా వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. నాకూ వచ్చేసిందనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. పెళ్ళికెదిగిన పిల్ల ఉంది, కిడ్నీ ఉన్న ఇల్లంటే సంబంధాలు రావని భయం. ఆరు నెలలు దాచాను.

ఒళ్ళంతా నొప్పులు, వేళ్ళు తిమ్మిర్లు. మనకి కిలోల లెక్కన కూలి కదా, చెయ్యి నెమ్మదిస్తే డబ్బులు పడిపోతాయి. పప్పు ఒలిచి ఒలిచి వేళ్ళు ఇలాగయ్యాయనుకున్నాను. షాపులో నొప్పి బిళ్ళలు కొని, అవి మింగి పనికెళ్ళాను. చూడండి నా తెలివి! కిడ్నీ పోయిందేమోనని ఏడుస్తూ, కిడ్నీని పాడుచేసే బిళ్ళలే రోజూ మింగాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టరు రాయకుండా రోజూ మింగకూడదు. మన ప్రాంతంలో అసలే కూడదు.

చివరికి మా ఏఎన్ఎం అమ్మ పట్టుకుంది. “నీ గొంతేటి అలా బొంగురుపోయింది? జుట్టు ఊడుతోందా? విరేచనం సాఫీగా అవుతోందా? నెలసరి ఎక్కువగా పోతోందా? అందరికీ ఉక్కపోస్తుంటే నీకు చలేస్తోందా?” అని అడిగింది. అన్నిటికీ అవునన్నాను. క్రియాటినిన్‌తో పాటు టీఎస్‌హెచ్ కూడా చేయించమంది. క్రియాటినిన్ కొంచెమే ఎక్కువుంది. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువుంది. థైరాయిడ్ బాగా తగ్గిపోతే క్రియాటినిన్ కూడా కొంత పెరగొచ్చని డాక్టరు చెప్పారు. మందు వాడాక నాది మామూలుకొచ్చింది. అలాగని థైరాయిడ్ బిళ్ళతో కిడ్నీ జబ్బు నయమైపోతుందని ఎవరూ అనుకోవద్దు. ఉద్దానం కిడ్నీ జబ్బులో మొదట్లో వాపు కనిపించకపోవచ్చు కూడా. అందుకే వాపు చూసి ఇదనీ, వాపు లేదని ఏమీ లేదనీ మనం తేల్చుకోకూడదు. రెండు పరీక్షలూ చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఇంకా ఇంట్లో దాచుకుని కూర్చోవడమెందుకు?

ఈ థైరాయిడ్ గొంతు ముందు సీతాకోకచిలుకలా ఉండే చిన్న గ్రంథి. ఒళ్ళు ఎంత చురుగ్గా నడవాలో అదే చూస్తుంది. రోగాల మీద పోరాడాల్సిన మన ఒంటి కాపలావాళ్ళే పొరబడి దాని మీద పడి కొడుతుంటారు. ఇంటి కుక్క ఇంటోళ్ళనే కరిచినట్టు. 1912లో జపాన్ డాక్టరు హషిమోటో దీన్ని నలుగురు ఆడవాళ్ళలో చూసి రాశారట, అందుకే ఆయన పేరు పెట్టారు. మగాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. తల్లికుంటే కూతురికి రావొచ్చు, అందుకని మా పిల్లకీ పరీక్ష చేయించాను. దీనికి తిరగబడ్డది ఇంకోటుంది. గుండె దడ, చేతులు వణుకు, తిన్నా చిక్కిపోవడం, కొందరికి కళ్ళు ముందుకు రావడం. దానికి మందు వేరు. పక్కింటావిడ బిళ్ళ అడిగి మింగకండి.

ఉప్పు మాట కూడా చెప్పాలి. మనకి నౌపడ ఉప్పు మడులు దగ్గరే, గళ్ళుప్పు చవక. ఊరగాయ సంగతి అలా ఉంచండి, రోజూ కూరలోకి అయోడిన్ ఉప్పే వాడండి. కానీ నాకొచ్చిన రకం ఉప్పు మార్చితే పోదు, బిళ్ళ మానేసి ఉప్పు తింటే సరిపోదు.

బిళ్ళ పరగడుపున, ఉత్త నీళ్ళతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ కూడా వద్దు. అన్నిటికంటే కష్టం నాకదే! ఐరన్, కాల్షియం బిళ్ళలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు ఇది మరీ గుర్తుంచుకోవాలి, అన్నీ కలిపి ఒకేసారి మింగేస్తుంటారు. నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరుకి చెప్పాలి. డోసు పెంచాల్సి రావొచ్చు, మానకూడదు. మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ టీఎస్‌హెచ్ చూస్తారు. నీరసం తగ్గడానికి కూడా అన్ని వారాలు పడుతుంది. పది రోజుల్లో తగ్గలేదని నేనోసారి మానేసి మళ్ళీ మొదటికొచ్చాను. తుఫాను రోజులకి ముందే ఒక నెల బిళ్ళలు తెచ్చి పెట్టుకోండి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఎన్నాళ్ళు కరెంటు లేక, దారులు లేక ఉన్నామో మీకు తెలుసు.

వెనక నుంచి ఒక చెల్లి అడుగుతోంది, జీవితాంతం మింగాలా అని. చాలామందికి అవునమ్మా. మొదట్లో మా అత్తమ్మ, “ఉపాసం రోజు బిళ్ళేటే?” అని గొడవ పెట్టేది. ఇప్పుడు తెల్లారగానే గ్లాసుడు నీళ్ళు పట్టుకొచ్చి ఆవిడే లేపుతోంది.