కోడ్ పక్కన రెండు వాక్యాలు

కోడింగ్ ప్రాజెక్టు మొదలుపెట్టడం హైస్కూలు పిల్లలకు సరదా. ముగించడమే కష్టం. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన, పిల్లలు ఆటలు తయారుచేసే కోడింగ్ వేదిక స్క్రాచ్‌నే చూడండి. అందులోని ప్రాజెక్టు పేజీలో ఆట ఎలా ఆడాలో చెప్పడానికి ఒక గడి, ఎవరి సాయం తీసుకున్నారో రాయడానికి మరో గడి ఉంటాయి. ఎలా ఆడాలో రాయబోతేనే, ఆట ఎక్కడ ఆగిపోతోందో పిల్లలకు తెలిసొస్తుంది. అంటే, రాయడం కూడా ముగించడంలో భాగమే.

ప్రోగ్రామ్ నడుస్తోందిగా, రాత ఎందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాపీ కొట్టిన ప్రోగ్రామ్ కూడా నడుస్తుంది కదా! ఏ తప్పు దొర్లింది, అది ఎలా దొరికింది, దేన్ని ఎందుకు వదిలేశారు? ఇవి చెప్పగలిగేది చేసినవాళ్లే. మార్కుల భయంతో పిల్లలు తప్పులు దాస్తారన్నదీ నిజమే. అందుకే, టీచర్లూ, రాసి చూపిన తప్పుకు మార్కులు తగ్గించకండి. ప్రతి క్లాసు చివర రెండు వాక్యాలు రాయించండి. తెలుగులోనైనా సరే.